శుభ్రమైన టేపు

మా తమ్ముడు లెమ్యువెల్‌కి పాడటం రాదు. ర్యాప్ చెప్పటం అంతకన్నా రాదు. ఇక డాన్సంటారా, పెళ్ళిళ్ళలో వాడు కాలు కదిపితే జనం కుర్చీలు పక్కకి జరుపుకునేవాళ్ళు. వాడికి వచ్చిందల్లా వినటం ఒక్కటే. అరవైకి దగ్గరపడ్డాను, అలా వినే మనిషిని మళ్ళీ చూడలేదు. ఆ వినటమే వాడి కొంప ముంచింది. వాడిదొక్కడిదే కాదు, ఇంకొకడిది కూడా.

నాన్న తర్వాత అమ్మ కూడా పోయేనాటికి వాడికి పదకొండేళ్ళు, నాకు ఇరవై. అప్పట్నుంచీ బ్రాంక్స్‌లో ఆ నాలుగో అంతస్తులో వాడికి అమ్మానాన్నా నేనే. స్కూల్లో మూడొందల మందికి వండి ఇంటికొచ్చేదాన్ని. కాళ్ళు పీకుతుండేవి. సోఫాలో వాలుదామనుకునేలోపు వీడు ఎదురొచ్చి, "అక్కా, ఒక్క నిమిషం. ఇది విను" అనేవాడు.

"నీ మొహం! ముందు నన్ను బూట్లు విప్పుకోనివ్వరా."

"విప్పుకుంటూనే విను. వీడు ఊపిరి ఎక్కడ తీశాడో చెప్పు చూద్దాం."

నాకు ఆ పిచ్చి బాదుడు వింటే ఒళ్ళు మండేది. ఇదీ ఒక సంగీతమేనా అని తిట్టేదాన్ని. ఒకరోజు అలాగే తిడుతూ వింటుంటే వెనకాల ఒక ట్రంపెట్ ముక్క వినిపించింది. నాలుగు సెకన్లుంటుందంతే, మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. నా చెయ్యి బూటు తాడు మీదే ఆగిపోయింది. ఆదివారం పొద్దున్న గడ్డం గీసుకుంటూ మా నాన్న పెట్టుకునే రికార్డది.

"ఇది నాన్న రికార్డు కదరా!"

"మరి? నాన్న పాతదాన్నే వీళ్ళు కోసి కొత్తది కుట్టుకుంటున్నారు. నువ్వేమో బాదుడంటావు" అన్నాడు, వాడే ఏదో కనిపెట్టినట్టు.

ఆ రోజునుంచి నేనూ వినటం మొదలుపెట్టాను. పైకి తిట్టటం మాత్రం మానలేదు, మానితే వాడు నెత్తికెక్కుతాడు.

వాడి సిద్ధాంతం ఒకటుండేది. రికార్డు అబద్ధమాడుతుంది, స్టేజి ఆడదు అని. స్టూడియోలో ఎన్నిసార్లయినా చెప్పి అతికించుకోవచ్చు. స్టేజి మీద ఒక మైకు, రెండు రికార్డులు తిప్పే డీజే, ఎదురుగా చేతులు కట్టుకు నిలబడ్డ జనం. మన బ్రాంక్స్ జనం సంగతి తెలిసిందే, నువ్వెవడివైతే మాకేంటి అన్నట్టు చూస్తారు. అక్కడ ఊపిరి చాలకపోతే దాచుకునే దారి లేదు. మంచివాడు వాక్యం మధ్యలో ఎవరికీ తెలియకుండా ఊపిరి తీస్తాడు. ఇంకా మంచివాడు ఆ ఊపిరిని కూడా తాళంలో కలిపేస్తాడు. అది పట్టుకున్నప్పుడు మా లెమ్ కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నేను అబద్ధం చెప్పట్లేదు, నిజంగా నీళ్ళు తిరిగేవి.

అందుకని ఎక్కడ కచేరీ ఉన్నా వాడు తన బూడిదరంగు టేపురికార్డరు భుజాన వేసుకుని వెళ్ళేవాడు. పార్కులు, బడి జిమ్ములు, చర్చి కింది హాళ్ళు, ఏదీ వదిలేవాడు కాదు. ఎర్ర మీట నొక్కగానే మొదట తారీఖు, చోటు, ఎవరు పాడుతున్నారో మైకులో మెల్లగా చెప్పేవాడు. "ఆగస్టు పద్నాలుగు, తొంభై మూడు. పార్కు. ఎండ బాగా ఉంది." ఇలా. ఎండ సంగతెందుకురా అని నేనడిగితే, తర్వాత వినేవాళ్ళకి తెలియద్దూ అనేవాడు.

మొదట్లో వీడూ అందరిలాగే అరిచేవాడు. అసలా కచేరీల్లో సగం పాట జనానిదే. పైనున్నవాడు ఒక కేక వేస్తాడు, కిందున్నవాళ్ళు జవాబు వెయ్యాలి. జవాబు వస్తే పైవాడికి ప్రాణం లేచొస్తుంది. రాకపోతే ఇక వాడి పని అయిపోయినట్టే. మా లెమ్ గొంతు చించుకుని జవాబులిచ్చేవాడు. పాపం, వాడి గొంతు చూస్తే వానకి ఉబ్బి కిర్రుమనే తలుపులాంటిది.

మా వీధి మొదట్లో హాలిస్ అని ఒకడు పేవ్‌మెంటు మీద బల్ల వేసుకుని టేపులు అమ్మేవాడు, మార్చేవాడు. ఒకసారి లెమ్ తన టేపు తీసుకెళ్ళి ఇస్తే పదిమంది ముందు అక్కడే పెట్టి వినిపించాడట. విని, "ప్రోగ్రాం బ్రహ్మాండంగా ఉందిరా. మధ్యమధ్యలో ఆ గాడిద ఎవర్రా ఓండ్ర పెడుతున్నాడు?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. మావాడు ఇంటికొచ్చి, తలుపేసుకుని, మళ్ళీ విన్నాడు.

"నిజమే అక్కా. నా గొంతే. మొత్తం పాడుచేశాను" అన్నాడు బయటికొచ్చి.

"వాడి బొంద! వాడికేం తెలుసు?"

"వాడికి తెలుసక్కా. వాడికి బాగా తెలుసు."

అంతే. ఆ రోజునుంచి ఎర్ర మీట నొక్కి ఉన్నంతసేపూ వాడు నోరు విప్పేవాడు కాదు. ఆపుకోలేక ఎక్కడ అరుస్తాడోనని స్వెట్టరుకుండే తలముసుగు, ఆ హుడ్ తాడు పళ్ళ మధ్య పెట్టుకుని కొరికేవాడు. బట్టలు ఉతికేది నేనే కదా, ప్రతి కచేరీకీ ఆ తాళ్ళ కొసలు నలిగి పిప్పి అయ్యి వచ్చేవి. ఎంత బాగా జరిగిందో తాడు చూసి నేను చెప్పగలిగేదాన్ని. వాడి టేపులకి పేరొచ్చింది. "లెమ్ టేపా? అయితే శుభ్రంగా ఉంటుంది" అనేవాళ్ళు. ఆఖరికి ఆ హాలిస్ కూడా బల్ల కింద దాచి మరీ ఉంచేవాడు. నేనెంత మురిసిపోయానో! ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక రాండెల్. మా అంతస్తులోనే ఎదురింటి పిల్లాడు. వాళ్ళ నాన్న చర్చిలో డీకన్, అంటే సంఘ పెద్ద, నవ్వితే పాపమనే రకం. కొడుకేమో ఆ చర్చి కరపత్రాల వెనకే ర్యాప్‌లు రాసుకునేవాడు. స్టేజి మీద పేరు కూడా యంగ్ డీకన్ అని పెట్టుకున్నాడు, వాళ్ళ నాన్నకి తెలిస్తే తోలు తీసేవాడు. లెమ్, రాండెల్ ఒకే తరగతి, ఒకే బెంచీ, ఒకే కంచం. రాండెల్ మా ఇంట్లో తిన్నన్ని భోజనాలు వాళ్ళింట్లో తిని ఉండడు. మా చీకటి మెట్ల మీద నిలబడి వాడు చెప్పిన ఒక ముక్క నాకిప్పటికీ నోటికొచ్చు.

నాలుగో అంతస్తు మాది, లిఫ్టుకెప్పుడూ జ్వరం,
మెట్లెక్కి మెట్లెక్కి నేర్చా ఊపిరి బిగబట్టే వరం.

"విన్నావా అక్కా? ఆ రెండు లైన్లకీ కలిపి ఒకటే ఊపిరి. ఎక్కడ తీశాడో నాకే దొరకలేదు. నాకే!" అన్నాడు లెమ్. వాడు మనిషిని అంతకన్నా పొగడటం నేనెప్పుడూ వినలేదు.

తొంభై మూడు సెప్టెంబరులో, పద్దెనిమిదో తారీఖు శనివారం, ఆరేడు స్టేషన్ల అవతల ఒక జిమ్ములో పెద్ద కచేరీ పెట్టారు. పేరున్న బృందం ఒకటి వస్తోంది. వాళ్ళకి ముందు స్థానికుల్లో ఒకరికి ఎనిమిది నిమిషాలిస్తామన్నారు. అది మా రాండెల్‌కి దక్కింది. రికార్డు కంపెనీ మనిషి కూడా వస్తున్నాడని చెప్పుకున్నారు. ఎనిమిది నిమిషాలు. దానికోసం ఆ పిల్లాడు వేసవంతా మెట్ల మీద సాధన చేశాడు.

స్టేజి మీద పక్కన ఇంకొకడుండాలి. అసలువాడు ఊపిరి తీసేచోట వాక్యం చివర అందుకోటానికి, జనాన్ని లేపటానికి. రాండెల్‌కి ఆ పని చేసే వాళ్ళ పిన్ని కొడుకు సరిగ్గా అప్పుడే సైన్యంలో చేరిపోయాడు. అందుకని కచేరీకి రెండు రోజుల ముందు, నా వంటింట్లో, నేను చేపలు వేయిస్తుంటే, రాండెల్ మా వాడిని అడిగాడు.

"ఒరేయ్ లెమ్, నువ్వు స్టేజి ఎక్కక్కర్లేదు. నీ డాన్సు చూస్తే ఉన్న జనం కూడా పారిపోతారు."

"నోరు మూసుకుని విషయం చెప్పు."

"ముందు వరుసలో నిలబడు చాలు. 'ఇక్కడ నాతో ఎవరున్నారు?' అని నేను అరుస్తా. 'నేనున్నా!' అని మొదటి కేక నువ్వెయ్యి. వాళ్ళు మనల్ని చూడ్డానికి రావట్లేదురా, చేతులు కట్టుకుని నిలబడతారు. ఒక్కడు అరిస్తే రెండోవాడికి ధైర్యమొస్తుంది. ఆ మొదటి ఒక్కడివి నువ్వు. అంతే నేనడిగేది."

"నేనుంటా" అన్నాడు లెమ్.

"ఒట్టు?"

"అక్క మీద ఒట్టు."

"నా మీద ఒట్లెందుకురా, నేను బతకటం ఇష్టం లేదా?" అని గరిటె చూపించాను. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ వంటింటి వెలుగు, ఆ చేపల వాసన, ఆ ఇద్దరు కుర్రాళ్ళ మొహాలు నాకింకా కళ్ళకి కట్టినట్టున్నాయి.

శనివారం నేను ఇంట్లోనే ఉన్నాను. రాత్రికి రాండెల్‌కి పండగ చెయ్యాలని ఆకుకూర, మాకరోనీ, మొక్కజొన్న రొట్టె అన్నీ చేశాను. ఏడింటికి లెమ్ ఒక్కడే వచ్చాడు. రికార్డరు కింద పెట్టి, నా మొహం చూడకుండా గదిలోకి పోయాడు. రాండెల్ రానే లేదు. వండినదంతా చల్లారిపోయింది.

ఏమైందో వాడు చెప్పలేదు. నాకు ఓపిక తక్కువ, తెలిసిందేగా. సోమవారం వాడు పనికి వెళ్ళగానే టేపు తీసి పెట్టుకుని విన్నాను. దొంగతనమే, ఒప్పుకుంటున్నాను.

ముందు మా వాడి గొంతు. తారీఖు, చోటు. "కుడి పక్క స్పీకరు దగ్గర నిలబడ్డా" అన్నాడు. ముందు వరుసలో కాదు! ధ్వని బాగా వచ్చేది ఆ స్పీకరు దగ్గరట. తర్వాత రాండెల్ గొంతు. ఎంత బాగా చెప్పాడో! మొదటి రెండు నిమిషాలు గుక్క తిప్పుకోలేదు. జనంలో చప్పుడు లేదు. అంతలో డీజే రికార్డు మీద ముల్లు గెంతింది, ఎవడో నవ్వాడు. అయినా మా రాండెల్ తాళం వదల్లేదు. అప్పుడు ఆ కేక వేశాడు.

"ఇక్కడ నాతో ఎవరున్నారు?"

ఎవరూ పలకలేదు. రెండోసారి అరిచాడు, ఎవరూ పలకలేదు. రికార్డరు మైకుకి దగ్గరగా ఎవరో ముక్కుతో ఊపిరి పీలుస్తున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. మూడోసారి గొంతు కొంచెం జీరపోయింది. "ఇక్కడ నాతో ఎవరున్నారు?" ఒకటి, రెండు, మూడు సెకన్లు. ఎక్కడో ఒక నవ్వు. ఆ తర్వాత మామూలు గొంతుతో, మా వంటింట్లో మాట్లాడినట్టే అన్నాడు. "ఎవరూ లేరా? సరే, పోనీ."

మైకు కింద పెట్టిన చప్పుడు. ఎనిమిది నిమిషాల్లో వాడు వాడుకున్నది మూడున్నర. ఆ తర్వాత టేపు నిండా ఆ పెద్ద బృందం కచేరీయే, ఎక్కడా చిన్న మచ్చ లేకుండా.

నేను లేచి బట్టల బుట్టలోంచి మావాడి హుడ్ తీశాను. తాడు ఒక పక్క పూర్తిగా తెగిపోయి ఉంది.

అరవాలని వాడికి లేకపోలేదు, అది నాకు తెలుసు. తాడు తెగేదాకా కొరుక్కున్నాడంటే ఎంత పోట్లాడుకున్నాడో లోపల. కానీ ఎర్ర మీట నొక్కి ఉంది. ఆ టేపు శుభ్రంగా రావాలి. పెద్దవాళ్ళ కచేరీకి ముందే గాడిద ఓండ్ర పడకూడదు. ఒక్క మూడు సెకన్లు ఆలోచించాడు. ఆ మూడు సెకన్లలో వాడి స్నేహితుడు మునిగిపోయాడు.

ఆ సాయంత్రమే రాండెల్ వచ్చాడు. కోపంగా వస్తాడనుకున్నాను. రాలేదు, కళ్ళు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

"ఒరేయ్, శనివారం ఎక్కడ చచ్చావురా?" అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఆ లైట్లు కళ్ళలో పడి ఏం కనపళ్ళేదు. ముందు వరుసంతా వెతికాను."

లెమ్ నావైపు చూశాడు. తర్వాత బల్లవైపు చూశాడు.

"రైలు ఆగిపోయిందిరా. పట్టాల మీదే, ముప్పావు గంట. నేనొచ్చేసరికి నువ్వు వెళ్ళిపోయావు."

రాండెల్ మొహం ఎలా విచ్చుకుందో చెప్పలేను. "నేను అనుకున్నా! నేననుకున్నానురా! ఏదో జరిగుంటుందని. నువ్వక్కడుంటే అరవకుండా ఉండవు కదా" అన్నాడు. లేచి వాడి మెడ చుట్టూ చెయ్యి వేశాడు.

నేను సింకు దగ్గర నిలబడి ఉన్నాను. నా చేతిలో ఆ హుడ్డే ఉంది, నీళ్ళలో నానుతోంది. నోరు తెరిచి ఉంటే? తెరవలేదు. స్నేహం చెడుతుందనుకున్నాను, వాడికున్న ఒక్క తోడూ పోతుందనుకున్నాను. ఊరంతటికీ బుద్ధులు చెప్పే ఈ ఎర్నెస్టీన్ ఆ ఒక్కపూట నోరు కుట్టేసుకుంది. ఆ తప్పు నాది, ఎవరి మీదా నెట్టను.

రాండెల్ ఆ తర్వాత మైకు పట్టుకోలేదు. నచ్చచెప్పబోతే, "మనవాళ్ళు ఒక్కరైనా లేనిచోట ఏం చెప్తామక్కా" అని నవ్వేసేవాడు. సిటీ బస్సు డ్రైవరయ్యాడు. స్టాపుల పేర్లు కూడా తాళం వేసి చెప్పేవాడు. పొద్దున్నే నిద్ర మొహాలతో ఎక్కినవాళ్ళు నవ్వుతూ దిగేవాళ్ళు. "నువ్వు స్టేజి మీదుండాల్సినవాడివయ్యా" అని ఎవరో ఒకరు అననే అనేవాళ్ళు. పెళ్ళి చేసుకున్నాడు, ఒక్క కూతురు, టియానా. ఏటా నవంబరులో థాంక్స్‌గివింగ్ పండక్కి మా ఇంట్లోనే భోజనం. ప్రతిసారీ, చివర్న గుమ్మడికాయ పై ముక్క తింటూ, అదే కథ. "ఆ రోజు ఆ దిక్కుమాలిన రైలు ఆగకపోతేనా! మా లెమ్ ఉండుంటేనా!" అని వాడి భుజం తట్టేవాడు. మా వాడు కంచంలోకి చూస్తూ ఉండిపోయేవాడు. మింగలేడు, కక్కలేడు. దాదాపు ముప్పై ఏళ్ళు, ముప్పై పళ్ళేలు.

లెమ్ ఇంకో నాలుగైదేళ్ళు కచేరీలకి వెళ్ళాడు. తర్వాత మానేశాడు. పాట మారిపోయిందక్కా అన్నాడు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని, ఇల్లు, బూట్ల పెట్టెల నిండా టేపులు, అదే బతుకు. పెళ్ళి మాటెత్తితే లేచిపోయేవాడు. ఆమధ్య ఒక కాలేజీవాళ్ళొచ్చి టేపులన్నీ నకలు తీసుకున్నారు. ఇంత శుభ్రంగా ఎలా తీశారండీ అని నెత్తిన పెట్టుకున్నారు. అన్నీ ఇచ్చాడు. ఒక్కటి ఇవ్వలేదు.

కిందటేడు రాండెల్ గొంతులో కాన్సరన్నారు. స్వరపేటిక తీసేశారు. ఊపిరికి మెడ దగ్గర చిన్న రంధ్రం, మెడలో వేలాడే చిన్న పలక, దాని మీద మార్కరుతో రాస్తాడు. మనిషి బతికాడు, మాట పోయింది. స్టాపుల పేర్లతో బస్సంతా నవ్వించినవాడు!

ఈ వసంతంలో టియానా మా ఇంటికొచ్చింది, చంకలో నాలుగు నెలల పిల్లాడితో.

"లెమ్ బాబాయ్, వీడికి తాత గొంతు ఎలా ఉంటుందో తెలీదు. నా పాత ఫోనులో నాన్న మెసేజీలుండేవి, అది పాడైపోయింది. వీడియోలు కూడా ఎప్పుడూ నాన్నే తీసేవాడు, మాట్లాడేది మేము. నువ్వు లోకంలో అందరి గొంతులూ దాచావు కదా. మా నాన్నది ఏదైనా ఉందా? ఒక్క నిమిషమైనా చాలు."

లెమ్ పిల్లాడి కాలి వేళ్ళు పట్టుకుని ఆడిస్తున్నాడు. ఆ వేళ్ళవైపే చూస్తూ, "లేదమ్మా" అన్నాడు.

కాఫీ కప్పు ఠక్కున సింకులో పెట్టేశాను. ఆ పిల్ల వెళ్ళేదాకా ఓపిక పట్టాను, తలుపు వేసి వెనక్కి తిరిగాను.

"సిగ్గులేదట్రా నీకు?"

"అక్కా, నీకు తెలీదు."

"నాకు తెలీకపోవటమేంటి? ఆ సోమవారమే విన్నాను. హుడ్ తాడు చూశాను. నీకన్నా ముందే ఏడ్చాను."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్ళూ ఈ బరువు తనొక్కడే మోస్తున్నాననుకున్నాడు, పిచ్చి వెధవ.

"అది ఇస్తే నేనక్కడే ఉన్నానని తెలిసిపోతుంది. నాకు మిగిలింది వాడొక్కడేనక్కా. ఈ వయసులో వాడు కూడా పోతే నేనేం కావాలి?"

"వాడికి గొంతే పోయిందిరా! నీ దగ్గర పెట్టెలో పడుంది. నీది కాదు అది."

వాడు లేచి గదిలోకి పోయాడు. మూడు రోజులు గది తలుపు వేసుకున్నాడు. రెండు మిషన్లు పక్కపక్కన పెట్టుకుని ఏదో నకలు తీస్తున్నాడని చప్పుడుబట్టి తెలిసింది. నాలుగోరోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చాక కోటు వేసుకుని, రికార్డరు సంచిలో పెట్టుకుని, "పద" అన్నాడు. మెట్లు దిగుతూ చెప్పాడు. "కుడి జేబులో నకలుంది. నా గొంతు కోసేశాను, వాడిదొక్కటే ఉంది. ఎడమ జేబులో అసలుది."

"ఏది ఇస్తావు?"

"తెలీదక్కా."

రాండెల్ ఇంట్లో వంటింటి బల్ల చుట్టూ కూర్చున్నాం. టియానా కాఫీ పోసింది. రాండెల్ మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని, లెమ్‌ని చూసి పలక మీద రాశాడు. "లావయ్యావురా." ఆ ఒక్క ముక్కకి మా వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుడి జేబులోకి వెళ్ళిన చెయ్యి బయటికొచ్చేసింది. ఎడమ జేబులోంచి ఆ పాత టేపు తీశాడు, పెట్టాడు, మీట నొక్కాడు.

"సెప్టెంబరు పద్దెనిమిది, తొంభై మూడు. మధ్యాహ్నం మూడు. జిమ్ము. కుడి పక్క స్పీకరు దగ్గర నిలబడ్డా. ఇప్పుడు మా రాండెల్." తర్వాత ఇంకా మెల్లగా, "దేవుడా, వీడు బాగా చెప్పాలి."

ఇరవై ఏళ్ళ లెమ్ గొంతు అది. వెంటనే ఇరవై ఏళ్ళ రాండెల్ గొంతు బల్ల మీద గిన్నెలు అదిరేలా లేచింది. నాలుగో అంతస్తు మాది, లిఫ్టుకెప్పుడూ జ్వరం. టియానా రెండు చేతులతో నోరు మూసుకుంది. పిల్లాడు ఆ పెట్టెవైపు తల తిప్పి చూశాడు.

"ఎంత శుభ్రంగా ఉంది బాబాయ్!" అంది ఆ పిల్ల ఏడుస్తూ. "నాన్న పక్కనే నిలబడ్డట్టుంది. మధ్యలో ఒక్కరు కూడా అరవలేదు."

ఆ మాట ఆ పిల్ల మంచికే అంది. మా వాడి మొహం చూడలేకపోయాను.

టేపు సాగింది. మూడు కేకలూ అయిపోయాయి. "సరే, పోనీ" అయ్యాక రాండెల్ చెయ్యి చాచి ఆపేశాడు. పిల్లాణ్ణి కూతురికిచ్చాడు. పలక తుడిచాడు, ఒకటే మాట రాసి మా వాడి వైపు తిప్పాడు.

"రైలు?"

"రైలు ఆగలేదురా" అన్నాడు లెమ్. "టైముకే వచ్చా. నీకు పది అడుగుల్లో ఉన్నా. టేపు పాడవుతుందని నోరు మూసుకున్నా. ఆ ఊపిరి చప్పుడు నాదే. క్షమించమని అడగటానికి కూడా నాకు మొహం లేదు."

రాండెల్ చాలాసేపు వాణ్ణి చూశాడు. కోపమో, జాలో నాకు తెలియలేదు. గొంతుంటే తెలిసేదేమో. పలక పక్కన పెట్టేశాడు. టేపు కొంచెం వెనక్కి తిప్పి, మళ్ళీ నొక్కాడు. "ఇక్కడ నాతో ఎవరున్నారు?" అంది వాడి గొంతు, మూడోసారి. రాండెల్ రెండు చేతులూ పైకెత్తి, అప్పట్లో స్టేజి మీద ఎత్తినట్టే, లెమ్ వైపు చాపాడు. ఊఁ, కానివ్వు అన్నట్టు తల ఊపాడు.

మా తమ్ముడు లేచి నిలబడ్డాడు. "నేనున్నా! నేనున్నాన్రా!" అని అరిచాడు. ముప్పై ఏళ్ళు లోపల పెట్టుకున్న అరుపది. పిల్లాడు జడుసుకుని ఏడుపు లంకించుకున్నాడు.

టేపులో మూడు సెకన్లు గడిచాయి. ఎక్కడో ఎవడో నవ్వాడు.

"ఎవరూ లేరా?" అన్నాడు ఆ కుర్రాడు. "సరే, పోనీ."